ఎల్లమంద గొంతు

చెంచురామయ్యకి చెవుందంట. అందరికీ ఉంటాయి గదయ్యా రెండు, అవి కాదు నే చెప్పేది. పాట ఇనే చెవి. ఎవురన్నారా మాట అంటే, బుర్రకథ ఎల్లమంద అన్నాడంట, మన అంకమ్మ తిరునాళ్ళలో, మైకులో అన్నాడంట. ఏమైందంటే, చెంచురామయ్యకి ఇంకా మీసాలు సరిగ్గా రాని రోజుల్లో, ఎల్లమంద కథ చెప్తా చెప్తా ఒక చరణం మర్చిపోయి దాని తర్వాత చరణంలోకి పోయాడంట. ముందు వరసలో కూచున్న ఈడు "ఒకటి పోయింది మామా" అని అరిచాడంట. ఎల్లమంద నవ్వి, ఈ ఊళ్ళో గూడా చెవున్నోడు ఒకడున్నాడే, నీ పేరేంది నాయనా అని అడిగి, ఆ పేరు మైకులో చెప్పి, పోయిన చరణం ఎత్తుకున్నాడంట. అంతే. ఆ ఒక్క మాట. ఇంకోడైతే నాలుగు రోజులు చెప్పుకోని ఊరుకుంటాడు. ఈడు జన్మంతా ఆ మాటనే కప్పుకోని తిరిగాడు. మిరప వేస్తే బొబ్బర తెగులు, పత్తి వేస్తే పురుగు, పెళ్ళాం ఆదెమ్మ కూలికి పోయి ఇల్లు నడిపింది. అయినా సరే, బజార్లోకి వచ్చాడంటే మాత్రం తల ఎత్తుకోని నడిచేవాడు, చెవున్న మనిషి గదా. చేతిలో ఏం లేనోడికి ఆ చెవి ఒక్కటే ఆస్తి అనుకో.

ఎల్లమంద దళం అంటే మీకేం తెలుసులే, మీరప్పటికి పుట్టలా. నేనే చంకన ఉన్నాను. ముగ్గురు వాళ్ళు. నడిమిన ఎల్లమంద, భుజాన తంబుర, చేతివేళ్ళకి మోగించే ఇత్తడి అందెలు, కాళ్ళకి గజ్జెలు. కుడి పక్కన ఏసోబు, ఎడం పక్కన బాజీ, ఇద్దరి చేతుల్లో డక్కీలు. నడిమాయన కథ చెప్తే పక్కోళ్ళిద్దరూ వంత పాడతారు. బాజీ పని నవ్వించటం. ఏసోబు పనేందంటే, నడిమాయన ఎత్తిన మాటని కింద పడనియ్యకుండా అందుకోవటం. వాళ్ళు ఏం కథ చెప్పినా జనం మాత్రం ఎర్రగొండ గంగులు కథే అడిగేవాళ్ళంట. గంగులు పశువుల్ని తోలకపోయే దొంగల మీదకి ఒక్కడే పోయి చచ్చిపోతాడు, మంచం మీద తీసుకొస్తారు, తల్లి ఎదురొస్తది. అక్కడుంటది చూడు తల్లి శోకం, పాలు పితికే ఏళకి లేపే కొడుకు గదా, "పాలేళకి నిన్నెవురు లేపాల్రా కొడకా" అని. గొంతు పైకి పోద్ది, పోద్ది, ఇంక దిగదేమో అనుకుంటాం. పొద్దున్నే పెళ్ళాన్ని కొట్టొచ్చిన మొగోళ్ళు గూడా అక్కడికొచ్చేసరికి తువ్వాలు తీసి కళ్ళు తుడుచుకునేవాళ్ళంట. కొట్టినందుకు మాత్రం ఒక్కడూ ఏడవలా, అది వేరే సంగతి.

అట్టాంటి ఎల్లమంద ఒక ఏడు ఉన్నట్టుండి, మోకాళ్ళ నొప్పులయ్యా, నేనింక ఎగరలేను అని తంబుర తీసి ఏసోబు చేతిలో పెట్టాడు. ఏసోబు నడిమికొచ్చాడు. ఏసోబు జాగాలో ఆడి బావమరిది డక్కీ పట్టుకోని నిలబడ్డాడు. దళం పేరు మాత్రం ఎల్లమంద దళమే. ఇంకేముంది, టీ బంకు కాడ మొదలైంది తగువు. చెంచురామయ్య అంటాడూ, ఎల్లమంద లేని ఎల్లమంద దళం ఏందయ్యా, పెళ్ళికొడుకు లేకుండా పెళ్ళి చేస్తారా, పేరు పీకెయ్యాల్సిందే అని. తిరుపాలని ఒకడుండేవాడు, చెంచురామయ్యకి చిన్ననాటి జత. ఇద్దరూ కలిసి పొదిలి దాకా నడిచిపోయి కథ ఇనొచ్చినోళ్ళే. ఆ తిరుపాలు అంటాడూ, గుళ్ళో పూజారి మారితే దేవుడి పేరు మారుస్తావా, ఏసోబు బాగానే పాడతన్నాడు గదరా అని. ఏంది బాగా పాడేది, రేషను కొట్టు కాడ పేర్లు పిలిచినట్టుంది, వంత పాడేవాడు జన్మంతా వంతే పాడాలి, నడిమికొస్తే కథకుడైపోతాడా అంటాడు ఈడు. ఇంకో జట్టు ఉంది, వాళ్ళు మరీ గొప్పోళ్ళు. ఎల్లమంద గూడా మైకు రాకముందే ఎల్లమంద, మైకొచ్చినాక చెప్పిందంతా చెత్తేనని వాళ్ళ వాదం. మైకు రాకముందు ఎల్లమంద కథ ఇన్నోడు ఆ జట్టులో ఒక్కడూ లేడు. ఎన్నడూ కథ కాడికి రానోడు అందరికన్నా గట్టిగా అరిచేవాడంట. బాజీ ఉన్నాడు గదయ్యా, ఆయన మారలా గదా అని ఎవురో అంటే, బాజీ ఎవురు అన్నాడంట ఒకడు. ఇదీ మనోళ్ళ అభిమానం.

ఒక్క సంగతిలో మాత్రం అన్ని జట్లూ కలిసేవి. వాన పడ్డ ఏడు తిరునాళ్ళలో ఇన్న తల్లి శోకం లాంటిది మళ్ళీ ఇనలా, ఇనబోము. నెత్తిన గోనెసంచులు కప్పుకోని, కింద బురద, ఒక్కడూ లెగవలా. ఆ రోజు చెంచురామయ్య కళ్ళు మూసుకోని ఇన్నాడంట. ఆడెప్పుడూ అంతే, మంచి చోటొచ్చేసరికి కళ్ళు మూస్తాడు, చెవున్నోడికి కళ్ళతో పనేందంటాడు. ఆ శోకం గురించి చెప్తా చెప్తా, ఏసోబుగాడు ఏడు జన్మలెత్తినా దాని గుమ్మం గూడా తొక్కలేడని కాండ్రించి ఉమ్మేవాడంట.

ఇప్పుడు అసలు సంగతి చెప్తా ఇనండి, అప్పటికిది ఆ ముగ్గురికి తప్ప ఎవురికీ తెలవదు. ఎల్లమంద గొంతు ఎప్పుడో పోయింది. మోకాళ్ళూ లేదు, పాడూ లేదు. వాన పడ్డ ఏటికి ముందే టైఫాయిడ్ జ్వరం వచ్చి, లెగిసి చూసుకుంటే కింద గొంతు ఉంది, పై గొంతు లేదు. ఇంక నేను చెప్పను, నన్నొదిలెయ్యండిరా అని ఏడిచాడంట మనిషి. ఏసోబే ఒప్పుకోలా. ఏసోబుకి పాట నేర్పింది ఆయనే గదా, ఎత్తుబడి ఆయనదే, ఇరుపు ఆయనదే, ఊపిరి పీల్చుకునే చోటు గూడా ఆయనదే. నువ్వు కింద పాడు మామా, పైకి పోయేకాడ నేను అందుకుంటా, వంతంటే అదే గదా అన్నాడంట. బాజీ గూడా సరేనన్నాడు. ఇంక అదే వరస. పైకి పోయే చోటొచ్చేసరికి ఎల్లమంద ఒక్క ఎగురు ఎగిరి, గిర్రున తిరిగి, తంబుర మొహానికి అడ్డం తెచ్చుకోని నోరు తెరిచేవాడు. గొంతు ఏసోబుది. ముగ్గురికీ మైకు ఒకటే, గొంతు వచ్చేదేమో కరెంటు స్తంభానికి కట్టిన బాకాలోంచి. బాకాలోంచి వచ్చే గొంతు నడిమోడిదో పక్కోడిదో ఎవురు కనిపెడతారు. ఎగిరేది ఎల్లమంద గాబట్టి పాడేదీ ఎల్లమందే అనుకున్నారు జనం. మరి అంత చెవున్న చెంచురామయ్యకి తెలవలేదా అంటారా. తెలిసేదే, ఇనుంటే. ఎవురు పాడతన్నారో ముందే తెలుసనుకున్నోడు ఇంకేం ఇంటాడు.

సరే, తిరునాళ్ళు దగ్గరకొచ్చాయి. ఊరి పెద్దలు ఏసోబుకే కబురంపారు. చెంచురామయ్యకి ఒళ్ళు మండింది. తెల్లారి లెగిసి ఎల్లమంద ఉండే ఊరికి పోయి, వాకిట్లో కాళ్ళ మీద పడ్డాడంట. మామా, నువ్వొచ్చి తల్లి శోకం ఒక్కటి, ఒక్కటే పాడు, ఆ నక్కకీ నీకూ తేడా ఏందో జనానికి తెలవాలి అన్నాడంట. వద్దురా అబ్బాయ్, నా కాలం అయిపోయింది, ఆడి కథ ఇను, బాగుంటది అన్నాడు ఎల్లమంద. ఎంత పెద్ద మనసు మామా నీది అన్నాడు ఈడు. కాదురా, నేను చెప్పేది ఇను అన్నాడు ఆయన. ఈడు ఇనలా. నాకు చెవుందని చెప్పింది నువ్వే గదా మామా, నువ్వు చెప్పబట్టే నేనొక మనిషినయ్యాను, ఆడి అరుపుల్ని ఎల్లమంద కథేనని ఊరంతా ఒప్పుకుంటా ఉంటే ఈ చెవి పెట్టుకోని నేను బతకటం ఎందుకు అన్నాడంట. ఆయన నిజం చెప్దామనే అనుకున్నాడో ఏమో. చెప్తే ఈడు ఏమైపోతాడో అనుకున్నాడో. చివరికి, వస్తాను, ఒక మూల కూచుని ఇంటాను, పాడమని మాత్రం అడగమాక అన్నాడు. అంకమ్మ తల్లి మీద ఒట్టు, అడగను అన్నాడు చెంచురామయ్య. ఇంటికొచ్చి ఆదెమ్మకి చెప్తే, ఆమె రోట్లో పచ్చడి నూరతా తలెత్తకుండానే అడిగిందంట, నీకు ఎల్లమంద పాడితే ఇనాలని ఉందా, ఏసోబు పడిపోతే చూడాలని ఉందా అని. ఈడు పచ్చట్లో ఉప్పెక్కువైందని ఎగిరి బజార్లోకి పోయాడు. ఇంకా ఉప్పే వెయ్యలా ఆమె.

తిరునాళ్ళ రోజు పొద్దుగూకినాక కథ మొదలైంది. ఎల్లమందని ఒక పక్కన కుర్చీలో కూచోబెట్టారు. చెంచురామయ్య, ఆడి జట్టు ముందు వరసలో. కథ నడిచేటప్పుడు దగ్గమని, లేచి పొయ్యి రమ్మని, బీడీలు కాల్చమని జట్టుకి ముందే చెప్పి పెట్టాడు. మొదట్లో దగ్గారు. గంగులు పశువుల కోసం పరిగెత్తే కాడికి వచ్చేసరికి దగ్గటం మర్చిపోయారు. ఏమైందంటే, ఏసోబు చెప్తన్నాడయ్యా కథ. ఆడవాళ్ళు పిల్లకాయల నోళ్ళు మూస్తన్నారు. చెంచురామయ్యకి గూడా చేతి మీద వెంట్రుకలు లేచాయంట. లేచినాయని తెలిసి ఆడికి తన చెయ్యంటేనే కోపమొచ్చింది, రెండో చేత్తో అణిచి అణిచి రుద్దుకున్నాడు. ఇంక గంగుల్ని మంచం మీద తెస్తన్నారు, తల్లి ఎదురురావాలి, అప్పుడు లేచాడు ఈడు. అరుగెక్కి మైకు పట్టుకున్నాడు. ఎల్లమంద ఇక్కడ కూచుని ఉండంగా తల్లి శోకం ఇంకోడి నోట ఇంటానికి మనకి సిగ్గుండాలి అన్నాడు. ఒట్టు ఎగిరిపోయింది. జనం సంగతి తెలిసిందే గదా, ఒకడు ఎల్లమంద అన్నాడు, పదిమంది ఎల్లమంద అన్నారు, ఇంక ఊరంతా ఎల్లమంద. ముసలాయన చేతులడ్డం పెడతానే ఉన్నాడు, కుర్చీతో సహా ఎత్తకపోయి అరుగు మీద దించారు.

ఏసోబు తంబుర తీసి ఆయన భుజాన వేశాడు, అందెలు ఆయన వేళ్ళకి తొడిగాడు, బావమరిది చేతిలో డక్కీ తీసుకోని కుడిపక్కన తన పాత జాగాలో పోయి నిలబడ్డాడు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బాజీ డక్కీ మోగించాడు. ఎల్లమంద కిందనించి ఎత్తుకున్నాడు, పాలేళకి అని, నిన్నెవురు అని. పైకి పోయే చోటొచ్చింది, వయసైపోయి ఎగరలేడు గాబట్టి ఒక్క తిరుగు తిరిగాడు, తంబుర మొహానికి అడ్డం వచ్చింది. బాకాలోంచి వచ్చింది చూడు శోకం, జాతర జాతరంతా ఆగిపోయిందంట. రంగులరాట్నం తిప్పేవాడు రాట్నం ఆపేసి నిలబడ్డాడంట. చెంచురామయ్య కళ్ళు మూసుకోని వలవలా ఏడిచాడు. ఏడిచి ఊరుకుంటే బాగుండు. ఎల్లమంద పరువు ఎల్లమందకి దక్కేది, ఏసోబు మానాన ఏసోబు పోయేవాడు. ఊరుకుంటే ఆడు అభిమాని ఎట్టవుతాడు. మళ్ళా మైకు లాక్కున్నాడు. ఇన్నావంట్రా ఏసోబూ, ఇదీ శోకమంటే, నీ జన్మలో నేర్చుకో అన్నాడు. అంతటితో గూడా ఆగలా. ఇంకోసారి పాడాలి, ఈసారి ఈణ్ణి అరుగు దిగమనండి, పక్కన ఈడి మోత అడ్డమొస్తంది, ఎల్లమంద ఒక్కడే పాడాలి అన్నాడు. దిగు దిగు అని జనం. గులకరాయి గూడా ఒకటి వచ్చి పడిందంట.

ఇప్పుడు ఏసోబు దిగితే ఎల్లమంద పని అయిపోయినట్టే గదా. ఇన్నేళ్ళ పేరు ఆ అరుగు మీదే రాలిపోద్ది. దిగకపోతే ఆడికి రాళ్ళు. అప్పుడు ఏసోబు పెద్దల వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడంట, "దిగుతానయ్యా. ఈ ఊరికి మళ్ళీ రాను, ఎల్లమంద దళమనే పేరు మీరే ఉంచుకోండి. మామకి ఆయాసంగా ఉంది, ఆయన్ని ఇంకోసారి మాత్రం పాడించమాకండి." అని డక్కీ బాజీ కాళ్ళ కాడ పెట్టి అరుగు దిగాడు. చూడండి, ఎంత దారి చేసి పోయాడో. అవునయ్యా, ఆయాసంగా ఉందని ఎల్లమంద ఒక్క మాట అంటే చాలు, బతికిపోయేవాడు. ముసలాయన నోరు తెరిచాడు గూడా ఆ మాట అంటానికే. జనంలోంచి నడిచిపోతన్న ఏసోబు ఈపు కనపడింది, ఎవుడో ఆ ఈపు మీద మట్టి విసిరాడు. ఎల్లమంద చెయ్యి చాపి మైకు తీసుకున్నాడు.

"చెంచురామయ్యా, నా గొంతు పోయి శానా ఏళ్ళయింది. ఇందాక నిన్ను ఏడిపించింది ఆడు. వాన పడ్డ ఏడు ఏడిపించిందీ ఆడే. నేను తంబుర అడ్డం పెట్టుకోని నోరు తెరిచాను, అంతే. ఆణ్ణి దింపితే నా కాడ ఏం లేదు నాయనా."

చెప్పి ఊరుకోలా. నమ్మరేమోనని, శోకం ఎత్తుకున్నాడు, ఒక్కడే, డక్కీ లేకుండా. పైకి పోయే చోట ఎగదోశాడు. ఆ చప్పుడు ఎట్టుందో నేను చెప్పను. చెప్పగూడదు. ఎవురో పిల్లకాయలు కిసుక్కున నవ్వి, తల్లులు చెయ్యి గిల్లితే ఆగారు. బాజీ మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఏసోబు జనం నడిమిన నిలబడిపోయాడు.

చెంచురామయ్య అక్కడే, రెండడుగుల దూరంలో నిలబడి ఇన్నాడు ఇదంతా. నిజమైతే ఏందీ ఆడి బతుకు. ఏసోబు గొంతుకే ఏడిచి ఏసోబు మీదే ఉమ్మాడు. ఇన్నాళ్ళూ తలెత్తుకు తిరిగింది ఏం చూసుకోని. మిరపా దక్కలా, పత్తీ దక్కలా, ఇప్పుడు చెవీ పాయె. ఒక్క క్షణం, ఒక్కటే క్షణం, ఆడు ఏసోబు వైపు చూశాడంట, పోయి చెయ్యి పట్టుకుంటాడనుకున్నాడంట తిరుపాలు. పట్టుకోనుంటే నేనీ కథ ఇంకో రకంగా చెప్పేదాన్ని. ఏం చేశాడనుకున్నారు. ముసలాయన భుజం మీద చెయ్యేసి, ఆయన చేతిలో మైకు తీసుకోని, జనం వైపు తిరిగి నవ్వాడు.

"చూశారా పెద్దాయన మనసు. శిష్యుడి కోసం తన పేరు తనే తగలేసుకుంటన్నాడు. గొంతు కావాలని చెడగొట్టుకోని పాడితే నాకు తెలవదనుకున్నాడు. ఎల్లమంద గొంతు సంగతి ఎల్లమందకేం తెలుసయ్యా, నన్నడగండి."

జనం చప్పట్లు కొట్టారు. అబద్ధం చెప్పటంలా నేను, సగం మంది కొట్టారంట. ఎల్లమంద ఆడి వంక చూశాడంట. బతికినన్నాళ్ళూ సంపాదించుకున్న పరువుని మనిషి తన చేత్తో తీసి పారేస్తే, అది గూడా పారెయ్యనియ్యలేదు వీళ్ళు. ఇంక ఆయన ఏం చెప్తాడు. తంబుర తీసి కింద పెట్టాడు, అందెలు తీసి మూట గట్టుకున్నాడు, ఏసోబు వెనక్కొచ్చి చెయ్యిస్తే పట్టుకోని అరుగు దిగాడు, ఆ రేతిరే ఊరు దాటి పోయింది దళమంతా. ఏసోబు ఆ తర్వాత అద్దంకి పక్క చెప్పాడు, కనిగిరి పక్క చెప్పాడు, మన ఊళ్ళో మాత్రం కాలు పెట్టలా. తిరుపాలు సైకిలేసుకోని పోయి ఇనొచ్చేవాడంట, ముసలాయన్ని గూడా వెనక కూచోబెట్టుకోని తీసకపోయేవాడంట.

టీ బంకు కాడ తగువు మాత్రం తేలలా. ఇంకా పెరిగింది గూడా. ఎల్లమంద నిజం చెప్పాడని ఒక జట్టు, అబద్ధం చెప్పాడని ఒక జట్టు, నిజమే చెప్పాడు గాని చెప్పకుండా ఉండాల్సిందని ఇంకో జట్టు. ఒకసారి ఎల్లమంద ఏదో పని మీద మన ఊరొచ్చి ఆ బంకు కాడ టీ తాగతా ఉంటే, ఆయన ముందే కొట్టుకుంటన్నారంట. ఆయన, అది కాదు నాయనా అని ఏదో చెప్పబోతే, నువ్వుండు మామా, నీకు తెలవదు అన్నాడంట చెంచురామయ్య. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి లేచి పోయాడు. ఆదెమ్మ మాత్రం చచ్చిందాకా మొగుడికి ఏం చెప్పాలన్నా చేత్తో సైగ చేసి చెప్పిందంట, నోటితో చెప్పటం దండగని.

ఇంక లెగండి, పొద్దున్నే మిరపకాయ కోతకి పోవాలి. ఈ కథ నాకంటే ముందు మా పెద్దమ్మ చెప్పేది. ఎంత చెప్పినా ఆమె చెప్పినట్టు లేదని మీలోనే కొంతమంది గొణుగుతారు, నాకు తెలుసు. గొణుక్కోండి. ఆమె బతికున్న రోజుల్లో బాగా చెప్పావమ్మా అని ఆమె మొహాన ఒక్కడన్నా అన్నాడేమో చెప్పండి చూద్దాం.